డెలివరీకి కాథలిక్ ఆసుపత్రి: నాన్-ప్రాఫిట్ అంటే బిల్లు తక్కువా? (ఎవరెట్, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం)

ప్రశ్న, ఎవరెట్ నుంచి:

అందరికీ నమస్కారం. హెచ్1బి వీసా మీద వచ్చి మూడు నెలలైంది. మా ఆవిడకి ఐదో నెల, రెండో కాన్పు. ఇన్సూరెన్స్ లిస్టులో మాకు దగ్గరగా ఉన్నది ప్రావిడెన్స్ ఆసుపత్రి. వెళ్తే గోడ మీద సిలువ, కాయితాల మీద నాన్-ప్రాఫిట్ అని ఉన్నాయి. మాది గుంటూరు. నేను పుట్టింది అక్కడి సెయింట్ జోసఫ్ ఆసుపత్రిలోనే. సిస్టర్లే పురుడు పోశారనీ, ఖర్చు కూడా పెద్దగా కాలేదనీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇదీ అలాంటిదేనా? సిజేరియన్ అయితే అప్పుడే ట్యూబెక్టమీ కూడా చేయించేద్దామనుకుంటున్నాం. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు, రెంటన్ నుంచి:

తమ్ముడూ, నీ పోలిక సగం నిజం. గుంటూరు సెయింట్ జోసఫ్‌ని నిలబెట్టింది సిస్టర్ మేరీ గ్లౌరీ. ఆస్ట్రేలియాలో డాక్టరీ చదివి, 1920లో గుంటూరు వచ్చారు. ఇక్కడి కథ అంతకంటే పాతది. రోడ్డు, రైలు లేని రోజులది.

1843లో మాంట్రియల్‌లో ఎమిలీ గామెలిన్ అనే ఆవిడ ప్రావిడెన్స్ సిస్టర్ల సంఘం పెట్టింది. భర్త పోయాడు, ముగ్గురు బిడ్డలూ పోయారు. దిక్కులేని ముసలివాళ్లను చేరదీయడంతో మొదలైంది ఆవిడ పని. అదే ఏడాది ఎస్తేర్ పారిజో అనే ఇరవై ఏళ్ల పిల్ల అందులో చేరింది. తండ్రి బళ్లు తయారుచేసేవాడు, ఆయన దగ్గర వడ్రంగం నేర్చుకుంది. ఆ పిల్లే మదర్ జోసఫ్. 1856 డిసెంబర్ 8న నలుగురు సిస్టర్లతో కలిసి ఓడ మీద, పనామా మీదుగా వాంకూవర్ చేరింది. కెనడాలోది కాదు, పోర్ట్‌లాండ్‌కి నది అవతల మన రాష్ట్రంలో ఉన్న వాంకూవర్. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఒకసారి తికమకపడే ఊరు.

1858లో అక్కడే నాలుగు మంచాలతో ఆసుపత్రి తెరిచారు. ఈ వాయవ్య ప్రాంతంలో నిలదొక్కుకున్న మొదటి ఆసుపత్రి అదే. డబ్బు ఎక్కడిదంటావా? మదర్ జోసఫ్ గుర్రమెక్కి గనుల క్యాంపులు తిరిగి చందాలు అడిగింది. ప్లాన్లు తనే గీసేది, సుత్తి పట్టుకుని దూలాలు తనే చూసుకునేది. ఈ ప్రాంతపు మొదటి ఆర్కిటెక్ట్ ఆవిడేనని 1953లో అమెరికా ఆర్కిటెక్టుల సంఘమే ఒప్పుకుంది. వాషింగ్టన్ డీసీ వెళ్లినప్పుడు క్యాపిటల్‌లో (అమెరికా పార్లమెంటు భవనం) మన రాష్ట్రం తరఫున పెట్టిన ఆవిడ విగ్రహం చూడు, 1980 నుంచీ అక్కడే ఉంది.

చందాలతోనే ఇంత పెరగలేదు. 1877లో కింగ్ కౌంటీ తన బీదరోగుల బాధ్యతను కాంట్రాక్టు కింద సిస్టర్లకు ఇచ్చింది. సియాటిల్‌లో వాళ్ల ఆసుపత్రికి పునాది అదే. ధర్మం, కాంట్రాక్టు మొదటినుంచీ జోడెడ్లే. 2012లో సియాటిల్‌లోని స్వీడిష్ ఆసుపత్రుల సంస్థ ప్రావిడెన్స్‌లో కలిసింది. 2016లో కాలిఫోర్నియా వైపు సెయింట్ జోసఫ్ హెల్త్ కలిసింది. ఆ సిస్టర్లు 1912లో యురేకా ఊరికి పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చినవాళ్లు, 1918 ఫ్లూ చూశాక ఆసుపత్రి పెట్టారు. దాంతో ప్రావిడెన్స్ ఏడు రాష్ట్రాల్లో ఏభై దాకా ఆసుపత్రులైంది. పెద్దాఫీసు మా రెంటన్‌లోనే. 2020లో హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ కూడా తెరిచారు. రేపు నీ రికార్డులు తెరుచుకునే సాఫ్ట్‌వేర్ వెనక మనవాడే ఎవడో ఉండొచ్చు.

ఇక బిల్లు. నాన్-ప్రాఫిట్ అంటే మిగులు ఉండదని కాదు, పంచుకోవడానికి వాటాదారులు ఉండరని. బిల్లు మాత్రం బిల్లే. పన్ను మినహాయింపుకి బదులుగా తక్కువ ఆదాయం వాళ్లకు సాయం చేసే పాలసీ రాసి పెట్టాలి, అడిగితే ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2022 జూలై నుంచి పెద్ద ఆసుపత్రి సంస్థలకు చట్టం ఇంకా గట్టిది: కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు మూడు రెట్లలోపు ఉంటే మాఫీ, నాలుగు రెట్ల దాకా తగ్గింపు. 2024 లెక్కలో నలుగురి కుటుంబానికి ఆ రేఖ 31,200 డాలర్లు. నాలుగు రెట్లంటే 1,24,800. ఒక్క జీతం మీద బతికే హెచ్1బి ఇళ్లు చాలా ఇందులో పడతాయి, సిగ్గుపడి అడగరు. ఇన్సూరెన్స్ కట్టగా నీ వాటాకి మిగిలిన దానికి కూడా వర్తిస్తుంది.

వాళ్లంతట వాళ్లే చెబుతారులే అనుకోకు. సాయానికి అర్హులైనవాళ్ల వెంట కూడా వసూళ్లకు పడ్డారని రాష్ట్ర అటార్నీ జనరల్ 2022లో ప్రావిడెన్స్ మీదే కేసు వేశారు. 2024 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. రీఫండ్లు, బాకీల మాఫీ కలిపి 15.78 కోట్ల డాలర్లు. గుర్రమెక్కి చందాలు అడిగిన ఆవిడ వింటే ఏమనేదో!

జవాబు, బాథెల్ నుంచి (లేబర్ అండ్ డెలివరీ నర్సుని):

అన్నయ్య చరిత్రలో పడి నీ రెండో ప్రశ్న వదిలేశారు. కాథలిక్ ఆసుపత్రులు బిషప్పుల నియమావళి ప్రకారం నడుస్తాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అందులో కుదరదు, సిజేరియన్‌తో పాటు అడిగినా సరే. కాన్పు బ్రహ్మాండంగా చేస్తారు, అందులో వంక పెట్టను. కానీ ట్యూబెక్టమీ కోసం రెండోసారి మత్తు, రెండోసారి కోత, రెండో బిల్లు ఎందుకు? వచ్చే అపాయింట్‌మెంట్‌లోనే మీ డాక్టర్ని అడగండి, ఆవిడ ఇంకే ఆసుపత్రిలో డెలివరీలు చేస్తారో. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ కూడా అప్పుడే చూసుకోండి. ఏడో నెల దాటాక మారడం తలనొప్పి.

ఎవరెట్ నుంచి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. సాయానికి అప్లై చేస్తే రేపు గ్రీన్‌కార్డుకి ఇబ్బంది అవుతుందా?

రెంటన్ నుంచి:

అది సర్కారు సొమ్ము కాదు తమ్ముడూ, ఆసుపత్రి తన బిల్లు తనే తగ్గించుకోవడం. మేము రెండోవాడి కాన్పుకి (ఏ ఆసుపత్రో చెప్పను) ఇదే భయంతో అప్లై చేయలేదు. పద్దెనిమిది నెలలు వాయిదాలు కట్టాం. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి కనీసం 240 రోజుల గడువు ఉంటుంది. ముందు పద్దుల వారీగా బిల్లు అడిగి తీసుకో, జీతం స్లిప్పులు జత చేసి పంపు. పాప పుట్టాక ఇంటికి పిలవడం మర్చిపోకు.