విండోస్ 10 ఇన్‌స్టాల్ మూడు గంటలైనా 23 శాతం దాటట్లేదు: పెన్‌డ్రైవా, హార్డ్ డిస్కా?

కరీంనగర్_డెస్క్‌టాప్:
ఇంట్లో సిస్టమ్‌లో ఫ్రెష్‌గా విండోస్ 10 వేస్తున్నా. ఐ3-3220, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. పెన్‌డ్రైవ్ రూఫస్‌తో (బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్) చేశా. ఏ డ్రైవ్‌లో వేయాలని అడిగే స్క్రీన్ రావడానికే పావుగంట పట్టింది. ఆ తర్వాత 'గెటింగ్ ఫైల్స్ రెడీ' దగ్గర 23 శాతంలో మూడు గంటలుగా ఆగిపోయింది. ఎర్రర్ ఏదీ రాలేదు, మౌస్ కదులుతోంది. పెన్‌డ్రైవ్ మార్చాలా?

పాతబోర్డు:
ఇప్పుడే కొనకండి, ముందు లెక్క చూడండి. ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలు) సుమారు 5.5 జీబీ. మీ పెన్‌డ్రైవ్ ఎంత నాసిరకమైనా సెకనుకి 10 ఎంబీ చదివితే తొమ్మిది, పది నిమిషాల్లో మొత్తం చదివేస్తుంది. మూడు గంటల ఆలస్యాన్ని దాని మీద వేయలేం. మామూలు హార్డ్ డిస్క్ మీద మొత్తం పని ముప్పావుగంట, ఎంత లాగినా గంట.

నా అనుమానం డిస్కు మీదే. డ్రైవ్‌ల స్క్రీన్ లేటుగా రావడమే గుర్తు. పరీక్ష సులువు: సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, హార్డ్ డిస్క్‌కి ఉన్న సాటా కేబుల్ (డేటా కేబుల్) తీసేయండి. అదే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బూట్ చేయండి. ఆ స్క్రీన్ రెండు మూడు నిమిషాల్లో ఖాళీ జాబితాతో వచ్చేస్తే పెన్‌డ్రైవ్, ర్యామ్, ప్రాసెసర్ మీద అనుమానం చాలావరకు పోయినట్టే.

స్క్రూడ్రైవర్:
పెన్‌డ్రైవ్‌ని అంత తేలిగ్గా వదలొద్దు అన్నా. జీ41 లాంటి ఇంకా పాత బోర్డుల బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) యూఎస్‌బీ కంట్రోలర్ మోడ్ అని ఒకటి ఉంటుంది. 'ఫుల్ స్పీడ్' అంటే ఎక్కువనుకుని పెట్టేస్తారు. అది 12 మెగాబిట్లే, సెకనుకి 1 ఎంబీ చుట్టూ. 480 మెగాబిట్లు కావాలంటే 'హై స్పీడ్' పెట్టాలి. పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి! అయితే హెచ్61లో ఇది ఉండకపోవచ్చు.

బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈలో ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చండి. కేబుల్ కూడా వేరేది పెట్టి చూడండి. క్లిప్పు విరిగిన కేబుల్ వదులై, డేటా మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది.

కరీంనగర్_డెస్క్‌టాప్:
డిస్కు కేబుల్ తీసేసి బూట్ చేస్తే స్క్రీన్ రెండు నిమిషాల్లోపే వచ్చింది. ఏహెచ్‌సీఐ ముందే ఉంది. కేబుల్ మార్చి డిస్కు తగిలిస్తే మళ్లీ పాత కథే. ఇప్పుడేం చూడాలి?

పాతబోర్డు:
అదే పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఓఎస్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే, బూట్ చేయండి. 'డిస్క్స్' యాప్ తెరిచి, మీ డ్రైవ్ ఎంచుకుని, పైన మూడు చుక్కల్లో 'స్మార్ట్ డేటా' (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) నొక్కండి. మూడు వరుసలు చూస్తే చాలు: 5 రీఅలొకేటెడ్ (పాడైతే స్పేర్‌తో మార్చేసిన సెక్టార్లు, అంటే డిస్కులో డేటా ఉండే చిన్న గదులు), 197 కరెంట్ పెండింగ్ (చదవలేక ఇంకా తేలనివి), 199 సీఆర్‌సీ (కేబుల్ దారిలో వచ్చిన డేటా తప్పులు). చివరిది పెరుగుతూ ఉంటే కేబుల్, మొదటి రెండూ అయితే డిస్కే.

కరీంనగర్_డెస్క్‌టాప్:
5వ నంబరు 8 సెక్టార్లు, 197 దగ్గర 24, 199 సున్నా.

పాతబోర్డు:
దొరికింది. ఆ 24 సెక్టార్లు చదవలేక డిస్కు అనుమానంగా గుర్తు పెట్టుకున్నవి. అలాంటి చోటు తగిలినప్పుడల్లా సెకన్ల తరబడి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, సెటప్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందుకే ఎర్రర్ రాదు, మౌస్ కదులుతుంది, శాతం మాత్రం కదలదు.

డిస్క్‌పార్ట్‌లో (విండోస్ కమాండ్ టూల్) 'క్లీన్ ఆల్' ఇస్తే మొత్తం సున్నాలు రాస్తుంది. 500 జీబీకి గంటన్నర పైనే. రాసేటప్పుడు పాడైన చోట్లకి బదులు స్పేర్ సెక్టార్లు వచ్చి 197 సున్నా కావచ్చు. కానీ అలాంటి డిస్కు మీద ఓఎస్ వేయడం నాకు ఇష్టం ఉండదు. పైగా డేటా మొత్తం పోతుంది. ఫొటోలు, ఫైళ్లు ఏవైనా మిగిలి ఉంటే మింట్ లైవ్‌లోనే ముందు వేరే డ్రైవ్‌కి కాపీ చేసుకోండి.

స్క్రూడ్రైవర్:
240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ తీసుకోండి. హెచ్61లో పోర్టులు 3 గిగాబిట్లవే, సెకనుకి 270 ఎంబీ దాకా వస్తుంది, మీకు అది ఎక్కువే. ఇన్‌స్టాల్ పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు పాత డిస్కు తగిలించొద్దు, లేకపోతే సెటప్ దాన్ని కూడా తడుముతూ మళ్లీ ఆగుతుంది. ల్యాన్ కేబుల్ కూడా తీసేయండి, అప్‌డేట్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో మాట: విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఈ ప్రాసెసర్‌కి 11 అధికారికంగా లేదు. ఎలాగూ చేతిలో మింట్ పెన్‌డ్రైవ్ ఉంది కదా, ఎస్ఎస్‌డీలో అదే వేసి వారం వాడి చూడండి.