ఎంకాంలో థీసిస్ లేదు, డిస్టెన్స్‌లో తక్కువ ఖర్చుతో పీహెచ్‌డీ సీటు వస్తుందా?

తెనాలి_కామర్స్

అందరికీ నమస్కారం అండి. నేను తెనాలి దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో 9 ఏళ్లుగా కామర్స్ చెబుతున్నాను. బీకాం రెగ్యులర్‌లోనే చేశాను కానీ ఎంకాం పెళ్లయ్యాక దూరవిద్యలో కట్టి పాసయ్యాను, 61 శాతం వచ్చింది. మా ఎంకాంలో ప్రాజెక్టు గానీ థీసిస్ గానీ ఏమీ లేవు, అన్నీ పేపర్లే. ఇప్పుడు కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారని మా ప్రిన్సిపాల్ గారు ప్రతి మీటింగ్‌లోనూ పీహెచ్‌డీ మాటే ఎత్తుతున్నారు, రిజిస్ట్రేషన్ అయినా చేయించుకోండి మేడమ్ అంటున్నారు. నాకూ చేయాలనే ఉంది, నిజంగా ఉంది, కానీ జీతం 24 వేలు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం మానేసి యూనివర్సిటీలో కూర్చునే పరిస్థితి లేదు.

పోయిన వారం ఒక కన్సల్టెన్సీ అతను ఫోన్ చేశాడు, నంబర్ ఎవరిచ్చారో తెలీదు. డిస్టెన్స్ పీహెచ్‌డీ, 18 నెలల్లో అయిపోతుంది, మొత్తం 1,80,000, ఎంట్రన్స్ లేదు, థీసిస్ సంగతి మేమే చూసుకుంటాం, ఆదివారం లోపు 20 వేలు అడ్వాన్స్ కడితే సీటు బ్లాక్ చేస్తాం అన్నాడు. ఇంకోపక్క మా స్టాఫ్ రూంలో ఒక సార్ ఏమో పీజీలో థీసిస్ చేయనివాళ్లకి అసలు పీహెచ్‌డీ ఇవ్వరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు. ఉద్యోగం చేసుకుంటూ, తక్కువ ఖర్చుతో, రేపు ఎవరడిగినా చెల్లే పీహెచ్‌డీకి దారి ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఓరుగల్లు_స్కాలర్

మేడమ్, ముందుగాల ఆ 20 వేలు మాత్రం కట్టకుండ్రి. మన దేశంల డిస్టెన్స్ పీహెచ్‌డీ అన్నదే లేదు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నవంబర్‌ల ఇచ్చిన పీహెచ్‌డీ రెగ్యులేషన్లల్ల సాఫ్‌గ రాసిన్రు, ఏ యూనివర్సిటీ అయినా సరే డిస్టెన్స్‌ల గాని ఆన్‌లైన్‌ల గాని పీహెచ్‌డీ నడపొద్దని. ఓపెన్ యూనివర్సిటీలకు సుత అదే రూలు. మీకు కావల్సింది డిస్టెన్స్ కాదు, పార్ట్‌టైమ్. ఈ రెండూ ఒకటే అనుకునే సగం మంది మోసపోతున్నరు. పార్ట్‌టైమ్ అంటే ఎంట్రన్స్, ఇంటర్వ్యూ, కోర్స్‌వర్క్ (మొదట్ల చదివి పాసయ్యే పేపర్లు), గైడు, థీసిస్, వైవా అన్నీ ఫుల్‌టైమ్ వాళ్లకు ఉన్నట్టే ఉంటయి, మీరు ఉద్యోగంల ఉండుకుంట చేస్తరు, అంతే తేడా.

ఇగ మీ స్టాఫ్ రూం సార్ చెప్పింది కరెక్ట్ కాదు. పీజీల థీసిస్ ఉండాలని యూజీసీ రూల్స్‌ల ఎక్కడా లేదు, మాస్టర్స్‌ల 55 శాతం ఉండాలె, ఎస్సీ ఎస్టీ బీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు ఇంకో 5 శాతం సడలింపు. మీకు 61 ఉన్నది కాబట్టి ఫికర్ లేదు. ఎంకాం దూరవిద్య అని సుత భయపడకుండ్రి, గుర్తింపు ఉన్న యూనివర్సిటీల డిస్టెన్స్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబర్‌ల యూజీసీ మల్ల ఒకసారి చెప్పింది. మీరు చదివిన ఏడు ఆ కోర్సుకు పర్మిషన్ ఉన్నదా లేదా అన్నది మాత్రం ఒకసారి చూస్కోండ్రి.

పార్ట్‌టైమ్‌కు అసలు తాళంచెవి ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే లెటర్. మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద మూడు ముక్కలు ఉండాలె: ఈమె పార్ట్‌టైమ్‌ల చదువుకోనీకి మాకు అభ్యంతరం లేదు, డ్యూటీ చేసుకుంటనే రీసెర్చ్‌కు టైం దొరుకుతది, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తం. నాకు ఫస్ట్ టైం ఇచ్చిన లెటర్‌ల ఆ మూడోది లేదని యూనివర్సిటీ సెక్షన్‌ల క్లర్కు వాపస్ ఇచ్చిండు, మల్ల మా ప్రిన్సిపాల్ సంతకం కోసం వారం తిరిగిన. మీరు మొదలే మూడూ రాయించుకోండ్రి.

సీమ_మాస్టారు

అమ్మా, నీలాంటి ఫోనే నాకూ 2015లో వచ్చింది, నేను కట్టినా. ఊరి పేరు, యూనివర్సిటీ పేరు చెప్పను, అది ఈ రాష్ట్రంలోది కాదు. 2 లక్షల పైన అయింది, అందులో లక్ష మా ఆవిడ గాజులు కుదవ పెట్టి తెచ్చింది. రెండేండ్లకి డిగ్రీ చేతికొచ్చింది, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాం. తర్వాత ఒక ఎయిడెడ్ కాలేజీ పోస్టుకి పోతే స్క్రూటినీ టేబుల్ కాడ ఒక మేడమ్ నా ఫైలు తిప్పి మూడే అడిగింది. కోర్స్‌వర్క్ మార్కుల మెమో ఏదీ, యూజీసీ రెగ్యులేషన్ల ప్రకారమే డిగ్రీ ఇచ్చినామని రిజిస్ట్రార్ రాసిచ్చిన కాగితం ఏదీ, నీ థీసిస్ శోధ్‌గంగలో, అదే థీసిస్‌లన్నీ పెట్టే వెబ్‌సైట్‌లో, కనపడదేం అని. నాకాడ మూడూ లేవు. ఆ మేడమ్ గట్టిగా ఏమీ అన్లేదు, ఫైలు మూసి మెల్లగా నా దిక్కు తోసింది, అంతే. ఇంటికొచ్చి ఆ ఫ్రేమ్ దించినా.

ఇప్పుడైతే ఇంకా కష్టం. 2025 జనవరిలో రాజస్థాన్‌లో మూడు ప్రైవేటు యూనివర్సిటీలని పీహెచ్‌డీ రూల్స్ పాటించలేదని యూజీసీ 5 ఏండ్ల పాటు పీహెచ్‌డీ అడ్మిషన్లు చేయకుండా ఆపేసింది. అట్లాంటి చోట చేరినోళ్ల గతి ఏందో ఆలోచించు. థీసిస్ మేమే చూసుకుంటాం అన్నాడంటే అక్కడే ఫోన్ పెట్టేయాల తల్లీ. నీ 9 ఏండ్ల సర్వీసు మీద మచ్చ పడుతుంది.

ప్రిటోరియా_తెలుగు

నేను దక్షిణాఫ్రికాలో ఉంటాను అండి, ఇక్కడి యునీసా గురించి మన వాళ్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. నిజమైన దూరవిద్య పీహెచ్‌డీ ఇక్కడ ఉంది, ఎన్నో దశాబ్దాలుగా నడుస్తున్న ప్రభుత్వ యూనివర్సిటీ అది, ఇంగ్లండ్ అమెరికాల ఫీజులతో పోలిస్తే చాలా తక్కువే. కానీ మేడమ్, మీ స్టాఫ్ రూం సార్ మాట ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ మాస్టర్స్‌లోనే రీసెర్చ్ భాగం ఉంటుంది, కోర్స్‌వర్క్ మాస్టర్స్‌లో కూడా డిసర్టేషన్ లాంటిది ఒకటి రాస్తారు, కాబట్టి డాక్టరేట్‌కి తీసుకునేటప్పుడు నువ్వు ఇంతకుముందు ఏం పరిశోధన చేశావు అని చూస్తారు. అన్నీ పేపర్లే ఉన్న ఎంకాంతో నేరుగా దొరకడం కష్టం. మీ డిగ్రీని సాక్వా అనే సంస్థతో మదింపు చేయించాలి, దానికి వేరే ఖర్చు. అంతా అయ్యాక ఇండియాలో ఉద్యోగానికి ఈక్వివలెన్స్, అంటే అక్కడి డిగ్రీతో సమానమని ఒప్పించే సమస్య మళ్లీ మొదలు. మీరుండేది తెనాలి, చేసేది అక్కడి ఉద్యోగం, అలాంటప్పుడు ఈ తిప్పలు ఎందుకు అని నా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లో పబ్లికేషన్ల మీద పీహెచ్‌డీ అని ఒకటి ఉంటుంది, థీసిస్ లేని పీహెచ్‌డీ అని జనం దాన్నే అంటారు. దాంట్లో కూడా మీరు అచ్చేసిన పేపర్లన్నీ కలిపి వాటి మీద ఒక పెద్ద వ్యాసం రాసి వైవాకి కూర్చోవాలి, చాలా యూనివర్సిటీలు సొంత స్టాఫ్‌కీ పాత విద్యార్థులకే ఇస్తాయి. అది మనకి దారి కాదు.

తెనాలి_కామర్స్

మీ అందరికీ చేతులెత్తి దండం పెట్టాలి. సీమ మాస్టారు గారూ, మీది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు నాకు. ఆ కన్సల్టెన్సీ అతనికి వద్దని చెప్పేశాను, రెండుసార్లు మళ్లీ చేశాడు, బ్లాక్ చేశాను.

ఇప్పుడు పార్ట్‌టైమ్ అనే అనుకుంటున్నాను. ఎంట్రన్స్ ఎలా ఉంటుంది, థీసిస్ ఎప్పుడూ రాయని నాలాంటి దాన్ని గైడు ఎందుకు తీసుకుంటారు, ఏమని అడగాలి? టాపిక్ ఒకటి మనసులో ఉంది. మా పిల్లల నాన్నలు చాలామంది చిన్న చిన్న షాపులవాళ్లు, జీఎస్టీలో కాంపొజిషన్ స్కీమ్‌లో ఉంటే పన్ను 1 శాతమే, మూడు నెలలకోసారి కడితే చాలు, అయినా కొందరు అందులోంచి బయటికొచ్చి రెగ్యులర్‌లోకి మారుతున్నారు. ఎందుకు మారుతున్నారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఇది పీహెచ్‌డీకి పనికొస్తుందా, మరీ చిన్నదా?

గైడుగా_20ఏళ్లు

అమ్మాయీ, నేను కామర్స్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. టాపిక్ చిన్నది కాదు, మంచిది. చాలామంది ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్టీ ప్రభావం, ఒక అధ్యయనం అని పట్టుకొస్తారు, దాని మొదలెక్కడో చివరెక్కడో వాళ్లకే తెలీదు. నువ్వు అడుగుతున్నది ఒకే ప్రశ్న, తక్కువ పన్ను వదులుకుని చిన్న వ్యాపారి ఎక్కువ కాగితప్పని ఉన్న పద్ధతిలోకి ఎందుకు వెళ్తున్నాడు అని. కాంపొజిషన్‌లో ఉన్నవాడి దగ్గర కొన్న వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద పన్ను తగ్గింపు) రాదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, కోటిన్నర టర్నోవర్ దాటకూడదు. ఈ మూడింటిలో ఏది ఎవరిని ఎక్కువ నెడుతోంది, హోల్‌సేల్ వాడినా కిరాణా వాడినా, అది తేల్చు. ఇప్పుడు శోధ్‌గంగ తెరిచి కాంపొజిషన్ స్కీమ్ మీద ఇదివరకు వచ్చిన థీసిస్‌లు వెతుకు, డబ్బు కట్టక్కర్లేదు, ఒక పది థీసిస్‌ల చివరి అధ్యాయాలు చదివితే ఎవరు ఎక్కడ వదిలేశారో తెలుస్తుంది. తర్వాత రెండు పేజీలు రాయి: ప్రశ్న ఏమిటి, వాళ్లు ఏం తేల్చారు, ఏం తేల్చలేదు, నువ్వు ఏ ఊళ్లో ఎంతమంది షాపులవాళ్లని ఏం అడుగుతావు. రెండే పేజీలు. ఎంకాంలో థీసిస్ లేని లోటు ఆ రెండు పేజీలు పూడుస్తాయి. నేను స్కాలర్లని తీసుకున్నప్పుడు ముందు అదే చూసేవాడిని, పీజీలో ప్రాజెక్టు చేశావా అని ఏనాడూ అడగలేదు.

గైడు విషయానికొస్తే లెక్క ఉంటుంది. ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది వరకే ఉండాలి, రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపున్నవాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. అందుకని పేరున్న ప్రొఫెసర్ ఒక్కరి చుట్టూనే తిరగకుండా ఈమధ్యే అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా చేరినవాళ్లని కూడా చూడు, వాళ్ల దగ్గర ఖాళీ ఉంటుంది, ఓపికా ఉంటుంది. మెయిల్ పెట్టేటప్పుడు రెస్పెక్టెడ్ సర్ ఐ వాంట్ టు డూ పీహెచ్‌డీ అండర్ యువర్ గైడెన్స్ అని ఒక్క లైను పంపితే ఎవరూ జవాబివ్వరు, వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో నీ ప్రశ్నకి దగ్గరగా ఉన్నదేమిటో రాసి, ఆ రెండు పేజీలు జత చెయ్యి.

ఎంట్రన్స్‌కి మూడు దారులు. రాష్ట్రంలో ఏపీఆర్‌సెట్ ఒకటి. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా పెడతాయి, అందులో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు ఉంటుంది. మూడోది నెట్, దేశమంతటికీ యూజీసీ తరఫున పెట్టే అర్హత పరీక్ష. 2024 జూన్ నుంచి నెట్ మార్కుల మీద పీహెచ్‌డీ అడ్మిషన్ కూడా ఇస్తున్నారు, నెట్‌కి 70 శాతం వెయిటేజీ, ఇంటర్వ్యూకి 30. నా సలహా నెట్‌కే చదవమని, ఎందుకంటే 2023 జులై నుంచి యూజీసీ రూల్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ గానీ సెట్ గానీ ఉంటే అర్హత వస్తుంది. ఒకే చదువుకి రెండు పనులు అవుతాయి. 150 ప్రశ్నలు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. పేపర్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది, 9 ఏళ్లు కామర్స్ చెప్పినదానివి కాబట్టి సబ్జెక్టు ఉండే రెండో పేపర్ నీకు భయం లేదు, అందరికీ ఒకటే ఉండే మొదటి పేపర్‌కి రోజూ గంట కూర్చో. పీహెచ్‌డీ అడ్మిషన్‌కి ఆ స్కోరు ఏడాది వరకే చెల్లుతుంది, అది గుర్తుంచుకో.

ఓరుగల్లు_స్కాలర్

సార్ చెప్పినంక నేను ఖర్చు సంగతి ఒకటి చెప్త. నాకు స్టేట్ యూనివర్సిటీల ఇప్పటికి నాలుగేండ్లు, ఫీజులు, ఎంట్రన్స్, సర్వేకు తిరిగిన బస్సు ఛార్జీలు, జిరాక్సులు అన్ని కలిపితే 90 వేల లోపలనే ఉన్నది, అది గూడ ఒక్కసారి కాదు, ఏడాదికింత. ఒక్కో యూనివర్సిటీది ఒక్కో తీరు కాబట్టి నోటిఫికేషన్ల ఫీజు వివరాలు చూసినంకనే అప్లై చేయండ్రి. మేడమ్, మీకింకోటి, కనీసం మూడేండ్లు, గరిష్ఠం ఆరేండ్లు అని ఉంటది గాని రీరిజిస్ట్రేషన్‌తోని ఇంకో రెండేండ్లు ఇయ్యొచ్చు, ఆడవాళ్లకు దాని మీద మరో రెండేండ్లు సడలింపు ఉంటది. పిల్లలతోని ఎట్ల అని పరేషాన్ కావొద్దు.

తెనాలి_కామర్స్

ఈ రోజు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి ఆ మూడు వాక్యాలూ టైప్ చేయించి తీసుకెళ్లాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు, కోర్స్‌వర్క్‌కి రిలీవ్ చేస్తామన్న దగ్గర పెన్ను ఆపేశారు, మీ క్లాసులు ఎవరు చెబుతారు మేడమ్ అన్నారు. ఆ వాక్యం లేకపోతే లెటర్ తిప్పి పంపుతారు సార్ అని చెప్పాను, న్యాక్ ఫైల్లో నా రిజిస్ట్రేషన్ కావాలంటే ఇది కావాలి సార్ అని కూడా అన్నాను. సోమవారం చెబుతాను అన్నారు. కోర్స్‌వర్క్ మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది, ఆయనకి చెప్పడానికి?

ఓరుగల్లు_స్కాలర్

తక్కువలో తక్కువ 12 క్రెడిట్లు ఉండాలె, రీసెర్చ్ మెథడాలజీ, రీసెర్చ్ ఎథిక్స్, సబ్జెక్టు పేపర్లు వస్తయి, 55 శాతం తెచ్చుకోవాలె. క్లాసులు ఎప్పుడు పెడతరన్నది యూనివర్సిటీని బట్టి ఉంటది, మా డిపార్ట్‌మెంట్‌ల పార్ట్‌టైమ్ వాళ్లకు ఎండాకాలం సెలవులల్ల పెట్టిన్రు, నాకు కాలేజీ క్లాస్ ఒక్కటి సుత పోలే. మీరు చేరదల్చుకున్న డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి పోయిన బ్యాచ్‌కు ఏ నెలల పెట్టిన్రో అడిగి, ఆ నెల పేరు చెప్పుండ్రి మీ సార్‌కు. సెలవులల్ల అని తెలిస్తే సంతకం పెడతడు.

తెనాలి_కామర్స్

రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను. రెండు పేజీలు కూడా మొదలుపెట్టాను, ఇప్పటికి ఒకటిన్నర అయ్యాయి, గైడు గారూ, పూర్తయ్యాక ఇక్కడ పెడితే ఒకసారి చూస్తారా?

గైడుగా_20ఏళ్లు

పెట్టమ్మా, చూస్తాను. ఎంతమంది షాపులవాళ్లని అడుగుతావో అంకె వేసి మరీ పెట్టు.