జనరల్ తిమ్మయ్యను యుద్ధవీరుడని ఎందుకంటారు?

ప్రశ్న (రిచ్మండ్ రోడ్డు ఉద్యోగి):
బెంగళూరులో మా ఆఫీసు ఉన్న రిచ్మండ్ రోడ్డుకు జనరల్ తిమ్మయ్య రోడ్డు అని కూడా పేరుంది. ఆ పేరు చెబితే ఆటోవాళ్లు తెల్లమొహం వేస్తారు, అది వేరే సంగతి. మా బావగారి లెక్కలో ఆయన 1959లో అప్పటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పొసగక రాజీనామా ఇచ్చి, నెహ్రూ నచ్చజెబితే వెనక్కి తీసుకున్న మనిషి. 1957 నుంచి 1961 దాకా సైన్యాధిపతిగా ఉన్నప్పుడు పెద్ద యుద్ధమే జరగలేదు కదా అంటారు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (మాజీ మద్రాస్ శాపర్, అంటే సైన్యంలో దారులు, వంతెనలు వేసే ఇంజినీరు దళం జవాను, హలసూరు):
ఆయన చేసిన యుద్ధాలు ఆ పదవికి ముందువి బాబూ. 1945 జనవరిలో బర్మాలోని కాంగా దగ్గర 51వ బ్రిగేడ్ పోరాడినప్పుడు మూడు బెటాలియన్లకూ భారతీయులే నాయకులు, వారిలో తిమ్మయ్య ఒకరు. ముగ్గురికీ డీఎస్‌వో అనే బ్రిటిష్ సైనిక పతకం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పదాతి బ్రిగేడ్‌ను రణరంగంలో నడిపిన భారతీయుడు ఆయన ఒక్కడే.

అసలు చెప్పుకోవలసింది కాశ్మీరులోని జోజిలా కనుమ. 1948లో కాశ్మీరు కోసం పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఆ కనుమ శత్రువు చేతిలో ఉండటంతో లడఖ్‌లోని లేహ్‌కు దారి తెగిపోయింది. సెప్టెంబరులో మన పదాతి దళం చేసిన దాడులు ఫలించలేదు. అప్పుడు 19వ డివిజన్ అధిపతిగా తిమ్మయ్య 11,500 అడుగుల ఎత్తుకు ట్యాంకులు ఎక్కించాలని తలపెట్టారు. 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకుల బరువుకు దారిలోని వంతెనలు ఆగవని టరెట్లు (ఫిరంగి ఉండే పైభాగాలు) ఊడదీసి శ్రీనగర్ చేర్చారు.

కనుమ కింద ఉన్న బాల్తాల్ నుంచి పైకి ఉన్నది కంచరగాడిదల బాట. దాన్ని ట్యాంకు దారిగా మార్చింది మా మద్రాస్ శాపర్లే. కొండ వైపు రాయి పగలగొట్టి వెడల్పు చేస్తే సరిపోదు. లోయ వైపు అంచు కూడా గట్టిగా ఉండాలి, లేదంటే ట్యాంకు ఎక్కీ ఎక్కగానే మట్టి జారుతుంది. పని చేసినవాడిని, ఆ భయం నాకు తెలుసు. నవంబరు 1న ట్యాంకులు కనుమలోకి దూసుకెళ్లాయి. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ దక్కాయి. ముందు ట్యాంకులో జనరల్ ఉన్నాడని అందరూ మురిసిపోతారు. నాకైతే మంచు పూర్తిగా కమ్మేలోగా దారి, ట్యాంకులు, పదాతి దళం మూడూ ఒక్కచోట సిద్ధం చేయడమే ఘనకార్యం.

జవాబు (చరిత్ర పాఠాలు చెప్పే జయనగర్ టీచరు):
శాపర్ గారూ, ముందు ట్యాంకును అంత తేలిగ్గా తీసేయకండి. వెనక నిలబడి హుకుం ఇచ్చేవాడికోసం జవాన్లు అలా ప్రాణం పెట్టరు. అదే ఏడాది మే నెలలో వైమానిక దళ అధికారి మెహర్ సింగ్ తొలిసారి లేహ్‌లో డకోటా రవాణా విమానం దింపినప్పుడు, ఆ విమానంలో ఉన్నదీ ఈయనే. తర్వాత కొరియాలో యుద్ధఖైదీల అప్పగింత కమిషన్‌కు అధ్యక్షులు. 1964లో సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళాల అధిపతి. 1965 డిసెంబరులో అక్కడే కన్నుమూస్తే పార్థివదేహాన్ని బెంగళూరుకే తెచ్చారు. మడికేరిలో ఆయన ఇల్లు సన్నీసైడ్ ఇప్పుడు మ్యూజియం. మీ బావగారిని ఒకసారి తీసుకెళ్లండి.

ప్రశ్న వేసినవారు:
అన్నీ చదివి వినిపించాను. జోజిలాకు దణ్ణం పెట్టారు గానీ, రాజీనామా వెనక్కి తీసుకోవడం మాత్రం తప్పేనట.

మాజీ మద్రాస్ శాపర్:
ఆ విషయంలో నాకు బావగారితో పేచీ లేదు. ఇచ్చాక నిలబడవలసింది.