వానలు తగ్గాయి, పాత మడిని చలికాలం పంటలకు ఎలా మార్చాలి?

మట్టిచేతులు:
రాత్రుళ్లు చల్లబడుతున్నాయి. 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న మడి ఒకటుంది. అందులో ముదిరిన టమాటా, బెండ, బొబ్బర్లు ఉన్నాయి. టమాటా పూస్తోంది గానీ పిందె నిలవడం లేదు. ఇక్కడే కాలీఫ్లవర్, క్యారెట్, పాలకూర వేయాలి. అన్నీ ఒకేసారి పీకెయ్యాలా? ఎరువు ఎంత వేయాలి?

పాదుగట్టు:
తేదీ కాదు, రాత్రి ఉష్ణోగ్రత చూడండి. అది 13 డిగ్రీల కిందికి దిగితే టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. 24 దాటినా అదే గతి. మీది చలి వల్లే అయితే ఆ మొక్కల మీద ఇంక నీళ్లు దండగ. బాగా ఊరిన పచ్చికాయలు కోసి గదిలో ఉంచితే పండుతాయి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బెండ 15 డిగ్రీల దగ్గరే ఎదుగుదల ఆపేస్తుంది కాబట్టి దాన్నీ తీసేయవచ్చు.

బొబ్బర్లను పీకకుండా మట్టి మట్టానికి కోసి, వేర్లు లోపలే వదిలేయండి. అయితే వాటి నుంచి అందరూ చెప్పేంత నత్రజని రాదు, చాలావరకు గింజల్లోకే పోయి ఉంటుంది. మట్టి గుల్లగా ఉండటమే అసలు లాభం.

ఎరువు బాగా చివికినదైతే మడి మొత్తానికి 10-12 కిలోలు సరిపోతుంది. క్యారెట్ వేసే చోట పచ్చి పేడ అసలు వద్దు. దుంప రెండు మూడు కాళ్లుగా చీలిపోతుంది. రాళ్లూ గడ్డలూ ఉన్నా అంతే, అడుగు లోతు వరకు ఏరేయాలి.

నారుమడి:
కాలీఫ్లవర్ నారు ఇప్పటిదాకా పోయకపోతే ఈ వారమే పోయండి. 25-30 రోజుల నారు నాటాలి. కుండీలో ఇరుక్కుని ముదిరిన నారు నాటినా, నాటాక నత్రజని చాలకపోయినా ఆకు పెరగకముందే బొత్తాం సైజు పువ్వు వచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ ఎరువు వేసినా అది పెద్దదవదు. మొక్కకు మొక్కకు 45 సెం.మీ. వదలండి. పువ్వు కోడిగుడ్డంత అవగానే పై ఆకులు దాని మీదికి మడిచి కట్టాలి, లేకపోతే ఎండకు పసుపెక్కుతుంది.

నారు ఒత్తుగా పోయొద్దు. కాండం మట్టి దగ్గర నీరుపట్టి సన్నబడి వాలిపోతే అది నారుకుళ్లు. పడిన మొక్క ఇక లేవదు. మిగతావాటిని పలచన చేసి, నీళ్లు పొద్దున మాత్రమే పెట్టండి.

క్యారెట్, పాలకూర నేరుగా మడిలోనే వేయండి. క్యారెట్ విత్తనం లోతు ఒక సెం.మీ. దాటకూడదు. మొలవడానికి రెండు వారాలు పట్టొచ్చు, అందాకా పైమట్టి ఆరనివ్వకండి. గింజలు మొలవలేదని మళ్లీ తవ్వేసేవాళ్లే ఎక్కువ! మొలిచాక 5 సెం.మీ.కి ఒకటి ఉంచి తక్కినవి తీసేయండి.

వేరుపురుగు:
వేర్లు వదిలేయండన్న మాట ఒక్కసారి ఆపండి. ముందు ఒక టమాటా, ఒక బొబ్బర మొక్క పెకలించి కడిగి చూడండి. బొబ్బర వేరు మీది బుడిపెలు వేరు పక్కకు అతుక్కుని, గోటితో గీకితే ఊడొస్తే అవి మంచివే. వేరు తానే ఉబ్బి ముడులు కట్టి, గీకినా ఊడకపోతే అది నులిపురుగుల (మట్టిలో ఉండి వేర్లలో దూరే, కంటికి కనపడని సన్న పురుగుల) పని. అప్పుడు వేర్లతో సహా అన్నీ తీసి పారేయాలి, కంపోస్టులోనూ వేయొద్దు.

మట్టిచేతులు:
కడిగి చూశాను. టమాటా వేర్లకు ముడులు ఉన్నాయి. బొబ్బర్లకు కొద్దిగా, అవీ ఊడడం లేదు.

వేరుపురుగు:
అయితే క్యారెట్ ఆ మడిలో వద్దండి, దుంపంతా వంకరలు పోతుంది. వేరే కొత్త మట్టితో అడుగున్నర లోతు డబ్బాలో వేసుకోండి. కాలీఫ్లవర్ నాటవచ్చు, మట్టి చల్లబడ్డాక ఈ పురుగుల ఉధృతి తగ్గుతుంది. టమాటా, వంగ, మిరప మాత్రం ఆ మడిలో వచ్చే ఏడాది కూడా వద్దు. బాగా ఎండలు కాసే నెలల్లో మడిని తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు మట్టికి ఆనేలా పరిచి, అంచులు పూడ్చి 4 నుంచి 6 వారాలు ఉంచండి. నల్ల షీటు కింద మట్టి అంతగా వేడెక్కదు. షీటు తీశాక లోతుగా తవ్వకండి, అడుగున మిగిలిన పురుగులు పైకొస్తాయి.