నిండుకుండ తొణకదా, తొణుకదా?

కడలి: ద్రవీకృత సహజవాయువు మోసే ఓడల ట్యాంకుల్లో జరిగే స్లాషింగ్‌ని, అంటే ద్రవం అటూ ఇటూ ఎగసిపడడాన్ని, కంప్యూటర్ మీద ఎలా లెక్కగడతారో తెలుగులో రాస్తున్నాను. పేరుకి 'తొణుకు' అనుకున్నా. కానీ సామెత గుర్తొచ్చినప్పుడల్లా 'తొణకదు' అనే నోటికొస్తోంది. ణ తర్వాత ఉన్నది 'క'నా, 'కు'నా? పైగా మూసిన ట్యాంకులోంచి చుక్క బయటికి రాదు. లోపలే గోడలకు కొట్టుకుంటే తొణకడం అనొచ్చా?

ఛందోప్రియ: కదులు, కదలదు, కదిలింది. తొణుకు, తొణకదు, తొణికింది. ధాతువులో 'కు', వ్యతిరేకంలో 'క'. ఇందులో తగవేముంది?

పాతపుస్తకం: మీ ఉదాహరణే మీకు అడ్డొస్తుంది. కావ్యాల్లో ఉన్నది 'కదలు'. 'కదులు' తర్వాతి వాడుక. తొణకు కూడా అంతేనని నా నమ్మకం. అర్థం మాటకొస్తే, ముఖంలో నవ్వు తొణికిసలాడుతుంది, కింద పడదు. లోపలి కదలికే అసలు అర్థం, ఒలకడం దాని ఫలితం.

కడలి: ఈ అర్థం నాకు సరిగ్గా సరిపోతుంది. సామెత లెక్కకూ నిలుస్తుంది: ట్యాంకు నిండుగా ఉంటే ద్రవం ఊగడానికి చోటుండదు, సగం సగం ఉంటేనే చిక్కు. 40 మీటర్ల వెడల్పు పెట్టెలో 10 మీటర్ల లోతు ద్రవం ఒకసారి అటూ ఇటూ ఊగడానికి సుమారు 8.8 సెకన్లు పడుతుంది. అలల మీద ఓడ కూడా చాలాసార్లు ఆ దరిదాపుల్లోనే ఊగుతుంది. రెండు ఊపులూ కలిశాయంటే ద్రవం పైకప్పు దాకా లేచి కొడుతుంది. అందుకే మెంబ్రేన్ ట్యాంకుల్లో (ఓడ పొట్టే ఆధారంగా, లోపల పలచని పొర ఉండేవి) ద్రవం మట్టం ట్యాంకు పొడవులో 10 శాతానికీ ఎత్తులో 70 శాతానికీ మధ్య ఉండగా సాధారణంగా సముద్రంలోకి వెళ్లనివ్వరు. ఇక మోడలింగ్‌లో, ట్యాంకును చిన్న చిన్న గడులుగా విడదీసి ఒక్కో గడిలో ద్రవం ఎంత వంతు ఉందో లెక్కించే పద్ధతిని హర్ట్, నికోల్స్ 1981లో ప్రచురించారు. అల ఆకారం దానితో చక్కగా వస్తుంది. గోడకు తగిలే క్షణంలోని పీడనమే మొండికేస్తుంది: గడుల సైజు మారిస్తే అంకె మారిపోతుంది, మధ్యలో చిక్కుకున్న వాయువు నొక్కుకుపోవడాన్నీ లెక్కలోకి తేవాలి. అందుకే చిన్న నమూనా ట్యాంకులను ఊపి చూసే ప్రయోగాలు ఇంకా మానలేదు.

ఛందోప్రియ: అటూ ఇటూ లాగడమంటే పోతనగారే! 'కరిఁ దిగుచు మకరి సరసికిఁ గరి దరికిని మకరిఁ దిగుచు'. రెండు, నాలుగు పాదాల చివరి గురువు తప్ప పద్యమంతా లఘువులే. చదువుతుంటే మడుగు కదులుతున్నట్టే ఉంటుంది.

పాతపుస్తకం: చివరి పాదంలోని 'అతల కుతల' మరిచారు. అతలాకుతలం ఈ జంటలోంచే పుట్టిందని నా ఊహ. స్లాషింగ్‌కి అదే పెట్టొచ్చుగా?

ఛందోప్రియ: ఒప్పుకోను. అక్కడ అతలం అధోలోకం, కుతలం భూమి. ఆ లోకాల భటులు అదిరిపడ్డారన్నాడు, నీళ్లు కలగిపోయాయనలేదు.

పాతపుస్తకం: లోకాలే అదిరితే మడుగు నిలకడగా ఉంటుందా?

కడలి: ఊపులు కలిసినప్పటికి అతలాకుతలం బాగుంది, మామూలు కదలికకు మరీ పెద్దమాట. ఇంతకీ శీర్షికలో 'క' పెట్టనా, 'కు' పెట్టనా?

ఛందోప్రియ: 'కు'.

పాతపుస్తకం: 'క'. కావ్యప్రయోగం వెతికి రేపు పెడతాను.