80లో వెళ్తే బండి మైలేజీ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న:
నాది 125 సీసీ బండి. ఊళ్లో 50-60లో తోలితే లీటరుకు 58 దాకా ఇస్తుంది. మొన్న హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లొచ్చా, దారంతా 80-85. ట్యాంకు ఫుల్ చేసి లెక్క చూస్తే 46! సర్వీసింగ్ అయి నెల కూడా కాలేదు, చైను, టైర్లలో గాలి అన్నీ చూసుకున్నా. రెండు చోట్లా టాప్ గేరే, పైగా త్వరగా చేరితే ఇంజిన్ తిరిగేది తక్కువ సేపే కదా, మరి పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతోంది?

జవాబు:
బండిలో లోపం లేదన్నా, అది గాలి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది, గాలి వెనక్కి నెట్టే బలం మాత్రం దాదాపు 1.8 రెట్లు. ప్రతి కిలోమీటరూ ఆ బలాన్ని తోసుకుంటూనే పోవాలి, త్వరగా చేరినంత మాత్రాన అది తగ్గదు. టైర్ల రాపిడి పెద్దగా మారదు కాబట్టి 46 అయినా వచ్చింది.

జవాబు:
గాలికి మీ స్పీడోమీటరుతో పని లేదండీ. ఎదురుగాలి 20 ఉంటే 60లో వెళ్తున్నా 80లో తగిలే అడ్డే తగులుతుంది. ఇంకోటి, బండి కన్నా దాని మీద నిటారుగా కూర్చున్న మనిషే పెద్ద అడ్డు. ఓసారి రెయిన్‌కోటు జిప్పు వేయకుండా బయల్దేరా, వీపు వెనక గొడుగులా ఉబ్బి టపటపా కొట్టుకుంటూ ఒకటే వెనక్కి లాగుడు. ఆగి జిప్పు మెడదాకా వేసి, మోచేతులు లోపలికి పెట్టుకున్నాక అదే యాక్సిలరేటర్‌కి ముల్లు కాస్త పైకెక్కింది. బ్యాగులు పక్కలకి వేలాడదీయకుండా మీ వీపు చాటున కట్టండి.

ప్రశ్న అడిగినవారు:
లారీ వెనకే వెళ్తే గాలి తగలదంటారు, నిజమేనా?

జవాబు:
నిజమే, కానీ దయచేసి చేయొద్దు తమ్ముడూ. లారీ వెనక గాలి సుడులు తిరుగుతూ దానితోపాటే లాక్కుపోబడుతుంది, అందుకే అడ్డు తగ్గుతుంది. ఆ లాభం బాగా అందాలంటే బంపర్‌కి అంటుకుపోవాలి. 80లో సెకనుకి 22 మీటర్లు పోతాం, అతను బ్రేకు వేశాడని తెలిసి నీ చెయ్యి కదిలేలోపే అంతా అయిపోతుంది. దాటేటప్పుడూ జాగ్రత్త, పక్కగాలి వీస్తుంటే లారీ చాటు నుంచి బయటికి రాగానే ఛెళ్లున కొట్టి బండిని పక్కకి నెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న మళ్లీ అదే దారిలో 65 దాటకుండా వెళ్లా, జాకెట్ జిప్పు వేసుకుని. 56 వచ్చింది. అరగంట ఆలస్యమైంది, పర్లేదు.