సిడ్నీలో ఆ 137.5 అడగడం తప్పా? (మా ఇంటి పంచాయితీ)

తిరుచానూరు_రోడ్డు: మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. స్కూల్లో పీఈటీ సార్ చూసి "నువ్వు వెయిట్‌లిఫ్టింగ్‌కు పనికొస్తావు" అన్నారంట. అప్పట్నుంచి ఇంట్లో రోజూ గొడవే. నిన్న మా బావ కరణం మల్లీశ్వరి పేరు తీశాడు. "అంత పెద్ద లిఫ్టర్‌కే కోచ్‌ల లెక్క తప్పి బంగారం పోయింది, మన పిల్లను ఎవరు చూస్తారు" అని. తెలియనివాళ్ల కోసం చెప్తా. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల (ఒంటి బరువు) విభాగం. ఆమె స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమెకంటే ముందున్న చైనా, హంగరీ అమ్మాయిలిద్దరిదీ 242.5. క్లీన్ అండ్ జర్క్‌లో మన ఆమె చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించారు, లేవలేదు. తప్పా, కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

పూతలపట్టు_మాస్టారు: తప్పే. ఇది ఐదో తరగతి లెక్క. 110కి 135 కలిపితే 245. బంగారానికి అది చాలు. 137.5 ఎందుకు?

బార్‌బెల్_చిత్తూరు: మాస్టారూ, ఇంట్లో కూర్చుని ఫలితాల పట్టిక చూస్తే అందరికీ 135 కనిపిస్తుంది. పోటీలో బార్ మీద బరువు పెరగడమే కానీ తగ్గడం ఉండదు. తక్కువ అడిగినవాళ్లు ముందు ఎత్తాలి. మీరు 135 అడిగితే, ఎక్కువ అడిగి వెనకాల కాచుకున్నవాళ్లకు మీ సంగతి తెలిసిపోతుంది. పైగా అప్పట్లో అంతా రెండున్నర కిలోల మెట్లు, ఇప్పట్లా కిలో కిలో పెంచుకునే వీల్లేదు. ఇంకో సంగతి, మన ఆమెకు కాంస్యం ఖాయం. 137.5 పడిపోయినా పోయేదేమీ లేదు. అలాంటప్పుడు పెద్దది అడక్కుంటే ఇంకెప్పుడు అడుగుతారు?

పూతలపట్టు_మాస్టారు: అంతా చెప్పారు. 135 ఎందుకు కాదో మాత్రం చెప్పలేదు.

గాలిగోపురం: ఆడపిల్ల ఇనుము ఎత్తితే రేపు పెళ్లెవరు చేసుకుంటారండీ?

కొత్త_లడ్డు: మల్లీశ్వరికి పెళ్లయింది 1997లో. పతకం వచ్చింది 2000లో. ఇంకేమైనా సందేహాలున్నాయా?

బార్‌బెల్_చిత్తూరు: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన లిఫ్టర్ మీరాబాయి చాను సంగతి చూడండి. 88, 111 కలిపి 199. కాంస్యం 200కి పోయింది. ఆమె చివరి ప్రయత్నానికి 114 అడిగింది, లేవలేదు. 113 అడిగుంటే 201 అయ్యేదని మరుసటి రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ ఏడ్చాయి. అదే చాను 2016 రియోలో క్లీన్ అండ్ జర్క్‌లో ఒక్కటీ సరిగా ఎత్తలేకపోయింది. మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్, టోక్యోలో రజతం. భయపడి చిన్న అంకెలు అడిగేవాళ్లు అక్కడిదాకా పోలేరు.

పూతలపట్టు_మాస్టారు: చాను అడిగినా 114 లేవలేదు కదా. నా మాటే నిజమైంది.

పలమనేరు_అమ్మ: మీరిద్దరూ అంకెల్లోనే ఉన్నారు. మా అమ్మాయి మూడేళ్లు ఈ ఆట ఆడింది, పేర్లు వద్దు. ఒక పోటీకి ముందు "ఇంకో కిలోన్నర తగ్గితే కింది విభాగంలో పతకం గ్యారంటీ" అన్నారు. రెండు రోజులు సరిగ్గా తిండి లేదు, చివరి పూట నీళ్లు కూడా తాగనివ్వలేదు. తూకంలో పాసైంది, స్నాచ్‌లో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మాకు ఫోన్ సాయంత్రం వచ్చింది. మల్లీశ్వరి 1994, 95లలో ప్రపంచ చాంపియన్ అయింది 54 కిలోల్లో. సిడ్నీలో ఆడింది 69లో. ఒంటికి తగ్గట్టు పైకి పోయింది కాబట్టే అంత కాలం ఆడగలిగిందని నా నమ్మకం. మన ఊళ్లల్లో పిల్లల్ని కిందికి తోస్తారు.

బార్‌బెల్_చిత్తూరు: అమ్మా, కోపం వద్దు. ఒక చెడ్డ కోచ్‌ను చూసి ఆటనే తిట్టడం అన్యాయం. కష్టం రాగానే పిల్లల్ని మాన్పించే తల్లిదండ్రుల వల్లే మన జిల్లాలో లిఫ్టర్లు రావడంలేదు.

పలమనేరు_అమ్మ: కష్టమా? డ్రిప్ ఎక్కించిన పిల్ల పక్కన మీరు కూర్చున్నారా? మాన్పించింది నేను కాదు. అదే "ఇంక పోను" అంది.

కొత్త_లడ్డు: బార్‌బెల్ అన్నా, ఈ మాట వెనక్కి తీసుకో.

బార్‌బెల్_చిత్తూరు: తీసుకోను. నా సంగతి కూడా వినండి. ఇంటర్‌లో స్టేట్ మీట్‌కు పోయా. మూడో ప్రయత్నం మిగిలింది. ఇంకో ఐదు కిలోలు పెంచితే మొదటి స్థానం, ప్రాక్టీసులో అది ఎత్తినవాణ్ణే. కోచ్ రెండున్నరే రాశాడు. "మూడో స్థానం చాలు, సర్టిఫికెట్ ఉంటే కోటాలో ఉద్యోగం వస్తుంది" అన్నాడు. కార్డు మీద అంకె వేసేది ఆయన, నన్ను అడగలేదు. ఉద్యోగమూ రాలేదు, అది వేరే కథ. అందుకే 137.5 అడిగినవాళ్లను ఎవరైనా తిడితే నాకు మండుతుంది. వాళ్లు కనీసం బంగారానికి పోయారు.

పూతలపట్టు_మాస్టారు: ఉద్యోగం కోసమే కదా మనవాళ్లు పిల్లల్ని గ్రౌండుకు పంపేది. కోచ్ చెప్పినదాంట్లో తప్పేముంది? మధ్యతరగతి ఇల్లు బంగారు పతకంతో నడవదు.

పలమనేరు_అమ్మ: బార్‌బెల్ బాబూ, మిమ్మల్ని అడక్కుండా తక్కువ రాశారని మీ బాధ. మా పిల్లను అడక్కుండా ఒంట్లో బరువు తగ్గించారని నాది. ఇంతకుముందే ఇది చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ రోజు 137.5 ఎవరు నిర్ణయించారు, ఆమెను అడిగారా లేదా, నాకు కావలసింది అది. 135 సంగతి మాస్టారు చూసుకుంటారు.

బార్‌బెల్_చిత్తూరు: మీ అమ్మాయి విషయంలో జరిగింది ఘోరం, ఒప్పుకుంటా. కానీ ఒలింపిక్స్‌లో వరసగా రెండు ప్రయత్నాలు మీవే అయితే రెండు నిమిషాలు, లేకపోతే ఒక్క నిమిషం. ఆ టెన్షన్‌లో లిఫ్టర్ ఊపిరి తీసుకోవాలా, ఎదుటివాళ్ల లెక్కలు వేయాలా? కోచ్ ఉండేది దానికే. పదమూడేళ్ల పిల్లకు అసలే వదలలేం.

పలమనేరు_అమ్మ: లెక్క కోచ్‌నే వేయనీండి. ఆకలేస్తోందని చెప్పడానికి పదమూడేళ్లు చాలు, ఆ మాట వినమంటున్నా.

తిరుచానూరు_రోడ్డు: అందరికీ థ్యాంక్స్. బావకు ఇదంతా చదివి వినిపించా. ఆయన ఇప్పుడు కొత్త పాయింట్ పట్టుకున్నాడు, డ్రిప్ పాయింట్. అమ్మా, మీరు చెప్పండి, సోమవారం కోచ్‌ను కలవబోతున్నాం. ఏం అడగాలి?

పలమనేరు_అమ్మ: ఏ విభాగంలో ఆడిస్తారు, బరువు తగ్గించాలంటే మీకు ముందు ఫోన్ చేస్తారా, ఒంట్లో బాగాలేదని పిల్ల చెబితే ఆ రోజు ప్రాక్టీసు ఆపుతారా. మొదటి రెండేళ్లు ఏ పోటీకీ బరువు తగ్గించబోమని నోటిమాటగానైనా చెప్పించుకోండి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే అడగండి.

బార్‌బెల్_చిత్తూరు: అన్నీ అడగండన్నా. ఏ కోచ్ అయినా మొదట ఉత్త రాడ్‌తో టెక్నిక్ నేర్పిస్తాడా, వారం తిరక్కుండానే ప్లేట్లు ఎక్కిస్తాడా అన్నది కూడా చూడండి. ప్లేట్లు ఎక్కిస్తుంటే తిరిగొచ్చేయండి.

పూతలపట్టు_మాస్టారు: 135.